మొదటి మీటరు లేని టేపు

ఆటస్థలం దగ్గర అతన్ని పెద్దవాళ్ళు గీతలాయన అంటారు, పిల్లలు గీతల బాబాయి అంటారు. అంతకుముందు గోడలకు సున్నం కొట్టేవాడు. పదకొండేళ్ళ కిందట ఆటస్థలం ప్రహరీకి వెల్ల వేస్తుంటే, పోటీల సెక్రటరీ కంగారుగా వచ్చాడు. తెల్లారితే పరుగు పందేలు, గీతలు వేసే మనిషేమో పత్తా లేడు.

"నీకు సున్నం సంగతి తెలుసుగా. ఆ గీతలేవో నువ్వే గీసిపెట్టవయ్యా."

సున్నం సంగతి తెలుసు గానీ గీతల సంగతి తెలీదు. ఆ రోజు అతను వేసిన గీతలు పాము పాకినట్టు వచ్చాయి. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అతనికే తల కొట్టేసినట్టయింది. ఆఫీసు బీరువాలో పడివున్న అట్ట ఊడిన నిబంధనల పుస్తకం అడిగి తెచ్చుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. వంపు గీయాలంటే మధ్యలో మేకు పాతి తాడు తిప్పాలి. ఆ తాడు సాగకుండా ఉండాలంటే ముందురోజే తడిపి, లాగి కట్టి ఆరబెట్టాలి. సున్నాన్ని రెండుసార్లు జల్లించకపోతే గీతలు వేసే బండి మూతిలో గడ్డకట్టి గీత తెగుతుంది. వీటిలో సగం పుస్తకంలో లేవు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే.

గీతలు వేయడం ఒక్క మనిషి పని కాదు. టేపుకు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు ఉండాలి. అతని భార్య బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే పని చేస్తుంది. అరంగుళం తేడా వస్తే నలభై చొక్కాలు పాడవుతాయని తెలిసిన చెయ్యి. అందుకని పోటీల ముందు ఆమే సెలవు పెట్టి వచ్చేది. కూతురు అయిదేళ్ళ వయసులో ఆ సున్నం గీతల మీదే పరుగు మొదలెట్టింది. ఇప్పుడు దానికి పదహారు నిండాయి. ఆ వయసు పిల్లల్లో నాలుగువందల మీటర్లు దానంత బాగా పరిగెత్తేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కంటే లేరు.

భార్యాభర్తల పనిలో ఒక పద్ధతి ఉంది. నేల చదును చేసే రోలరు కింద నలిగి టేపుకు మొదటి మీటరు తెగిపోయి చాలాకాలమైంది. కొత్తది తెప్పిస్తామని సెక్రటరీ అంటూనే ఉన్నాడు. టేపు ఒకటి దగ్గర మొదలవుతుంది కాబట్టి, ఏ కొలతకైనా ఒకటి కలుపుకోవాలి. అతను ఒకటి అన్న చోటు గీత మీద నొక్కిపెట్టి అసలు కొలత అరిచేవాడు. ఆమె అవతలి కొసన ఒకటి కలిపి, కలిపిన అంకె తిరిగి అరిచేది. అతను "కొట్టు" అంటేనే మేకు మీద సుత్తి పడేది. అతను చెప్పడం, ఆమె కలపడం, అతను సరే అనడం. పదకొండేళ్ళలో ఒక్క మేకూ తప్పు పడలేదు.

ఆ ఏడాది పోటీలకు ముందురోజు సాయంత్రం ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. పోటీ ముందురోజు ట్రాక్ మీద ఎవరూ కాలు పెట్టకూడదన్నది అతని నియమం. తడిపిన నేల చెదురుతుందని అతని బాధ.

"గంటసేపు మనమ్మాయి వంపుల మీద నాలుగు పరుగులు తీసుకుంటే నేల కుంగిపోతుందా?" అంది భార్య.

"మనమ్మాయి తీసుకుంటే మిగతా ఏడుగురికీ తలుపు తియ్యాలి."

"మొదటొచ్చిన ఒక్కళ్ళకే క్రీడా హాస్టల్లో సీటు. వచ్చే ఏడాదికి దానికి వయసు దాటిపోతుంది. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ తాళంచెవి జేబులో పెట్టుకు కూర్చున్నావు. అందరి పిల్లలకీ బాబాయివి, నీ పిల్లకి మాత్రం వాచ్‌మనువి."

ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. "కొలతల గురించి నాతో మాట్లాడు, కూతురి గురించి వద్దు" అన్నాడు. ఆమె అంతటితో నోరు మూసేసింది. ఆమె నోరు మూసుకుందంటే దెబ్బలాట ముగిసినట్టు కాదు, ముదిరినట్టు.

పొద్దున గీతలు వేయడానికి వచ్చినప్పుడూ ఇద్దరి మధ్యా ఉలుకూ పలుకూ లేదు. ఆ నెలలోనే ట్రాక్ చదును చేసి, ఒక్కొక్కరు పరిగెత్తే దారులను, అంటే లేన్లను, మూడేసి సెంటీమీటర్లు వెడల్పు చేశారు. అందుకని పాత అంకెలు పనికిరావు. వంపులో బయటి లేను లోపలి లేనుకంటే పొడుగు కాబట్టి, బయటివాళ్ళు కాస్త ముందు నుంచి బయల్దేరాలి. మొదటి లేను వాళ్ళు ముగింపు గీత దగ్గరే నిలబడతారు, రెండో లేను వాళ్ళు ఏడు మీటర్ల ఇరవై మూడు సెంటీమీటర్లు ముందు, మూడో లేను వాళ్ళు ఇంకా ముందు. అతను లెక్కలన్నీ ముందే కట్టుకున్నాడు. ఇప్పుడు అరిచి చెప్పాలంటే నోరు విప్పాలి. అందుకని ఒక కాగితం మీద రాసి ఆమె చేతిలో పెట్టాడు. అలిగిన మనిషి, కలపడం మర్చిపోతుందేమోనని తనే ఒకటేసి కలిపి మరీ రాశాడు. ఆ సంగతి చెప్పలేదు.

ఆమె కాగితం చూసింది, పదకొండేళ్ళ అలవాటు కొద్దీ ఒకటి కలిపింది, మేకు కొట్టింది. ఏడు లేన్లకు ఏడు మేకులు. తిరిగి అరవలేదు. అతను "కొట్టు" అనలేదు. తల ఎత్తితే ఆమె మొహం చూడాల్సి వస్తుందని తల దించుకునే మేకుల పక్కన సున్నం గీశాడు.

మధ్యాహ్నం రెండున్నరకు ఆడపిల్లల నాలుగువందల మీటర్ల పందెం. చీట్లు తీస్తే కూతురికి నాలుగో లేను వచ్చింది. మొదటి లేను బేకరీలో పనిచేసే ఆవిడ కూతురికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, కొంగలా కాళ్ళు ఎత్తి పరిగెత్తుతుంది. చివరి వంపు తిరిగేసరికి ఆ ఇద్దరే మిగిలారు. ఆఖరి యాభై మీటర్లలో పొడుగు పిల్ల మీదికి మీదికి వచ్చేసింది. చెయ్యెడు దూరంలో కూతురే గెలిచింది. భార్య చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గట్టు మీంచి పరుగున వచ్చి కూతుర్ని కావలించుకుంది. గీతలాయన సున్నం బండి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కళ్ళు మసకబారాయి.

బండి తోసుకుంటూ కొళాయి దగ్గరికి వెళ్ళేసరికి పొడుగు పిల్ల అక్కడ మొహం కడుక్కుంటోంది. పక్కనే వాళ్ళ డ్రిల్లు మేష్టారు.

"నిన్నటిదాకా మన బడి ట్రాక్ మీద నాకు పక్క లేను ఇంత దూరం కనపడలేదు సార్. ఇవాళ రెండో గీత ఎక్కడో ఉన్నట్టుంది."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. గీతలాయన గీసిన గీతకి వంక పెట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదు. తువ్వాలు తీసుకో, పద."

మేష్టారు అతన్ని చూసి నవ్వి, చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. గీతలాయనా నవ్వాడు. కానీ ఆ నవ్వు కొళాయి దాటి రెండడుగులు కూడా నిలవలేదు. బండి వదిలేసి ముగింపు గీత దగ్గరికి నడిచాడు. అక్కణ్ణుంచి రెండో లేను గీత దాకా అడుగులు వేశాడు. అతని అడుగు ముప్పావు మీటరు, వెంట్రుకవాసి తేడా రాదు. తొమ్మిదిన్నర పైన కాస్త రావాలి. పదకొండు వచ్చాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ వేశాడు. పదకొండే.

భార్య నీళ్ళ సీసాతో అటుగా వస్తోంది. నిన్న సాయంత్రం నుంచీ మొదటిసారి ఆమెతో మాట్లాడాడు.

"పొద్దున ఒకటి కలిపావా?"

"కలపకుండా ఎప్పుడున్నాను?"

"కాగితంలో అంకెలు నేను కలిపే రాశాను."

ఆమె సీసా మూత తిప్పబోతూ ఆగిపోయింది. గుడ్డ కత్తిరించే మనిషికి లెక్క విప్పి చెప్పక్కర్లేదు. రెండు నుంచి ఎనిమిది దాకా అన్ని లేన్లూ ఒక మీటరు ముందుకు జరిగాయి. మొదటి లేనుకు కొలతే అక్కర్లేదు కాబట్టి అదొక్కటే ఉన్నచోట ఉంది. ఏడుగురు మూడువందల తొంభైతొమ్మిది పరిగెత్తారు. పొడుగు పిల్ల ఒక్కతే నాలుగువందలు పరిగెత్తింది. పరిగెత్తి, చెయ్యెడు దూరంలో ఓడింది.

"కలిపి రాశానని నోటితో చెప్తే నీ సొమ్మేం పోయేది?" అంది చివరికి.

"నువ్వు తిరిగి అరిస్తే నాకు తెలిసేది."

ఇద్దరూ కూతురి వైపు చూశారు. అది స్నేహితురాళ్ళ మధ్య నిలబడి, చేతులు ఊపుతూ ఆఖరి వంపు సంగతేదో చెబుతోంది.

"చూడు," అంది భార్య గొంతు తగ్గించి. "ఇంకో అరగంటలో మగపిల్లల పందెం. ఈలోగా మేకులు మార్చెయ్. అయిపోయిందేదో అయిపోయింది. కావాలని చేశామా? ఆ పిల్లకి ఇంకో ఏడాది ఉంది. మనదానికి లేదు."

అతను వెళ్ళి సంచిలోంచి సుత్తీ, టేపూ తెచ్చాడు. ఆమె ఆ కొస పట్టుకుంది. రెండో లేను మేకు పీకి, మీటరు వెనక్కి తెచ్చి కొట్టాడు. పాత గీతను కాలితో చెరిపేసి కొత్త గీత గీశాడు. చేస్తున్నంతసేపూ చేతులు తన చేతుల్లా లేవు. గట్టు మీద జనం పల్లీల పొట్లాలు పంచుకుంటున్నారు. ఇటు ఎవరూ చూడటం లేదు. చూసినా గీతలాయన గీతలు సరిచేసుకుంటున్నాడనుకుంటారు.

మూడో మేకు దగ్గర వంగాడో లేదో, వెనక అడుగుల చప్పుడైంది. పొడుగు పిల్ల. కాళ్ళకు చెప్పుల్లేవు. ముగింపు గీత దగ్గర మొదలుపెట్టి, మడమకు బొటనవేలు ఆనించి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ వస్తోంది. నిన్న బడి ట్రాక్ మీద సాధన చేసినప్పుడు కొలుచుకునే ఉంటుంది, ఆ అంకె తల్లో పెట్టుకుని వచ్చింది. ఒక్కో పాదం వేస్తుంటే గీతలాయన గుండెలో సుత్తి పడ్డట్టయింది. పిల్ల కొత్త గీత దగ్గరికి వచ్చి ఆగింది. లెక్క సరిపోయింది. కాసేపు గీత కేసే చూస్తూ నిలబడింది.

"ఏంటమ్మా?" అంది అతని భార్య.

"ఏం లేదు పిన్నీ. ఊరికే చూశా. మేష్టారు చెప్పిందే నిజం. గీత సరిగ్గానే ఉంది." అతనికేసి తిరిగి, తప్పు చేసినదానిలా నవ్వింది. "ఏమనుకోకు బాబాయ్. నా కాళ్ళలోనే పస లేదు. నేనే గీత మీద పెట్టా."

వెనక్కి తిరిగి నాలుగు అడుగులు వేసింది.

ఆ నాలుగు అడుగుల్లోనే అయిపోయింది అతని పని. పందెం పోవడం ఒకటి, తన కళ్ళ మీదా తన కాళ్ళ మీదా తనకే నమ్మకం పోవడం ఇంకొకటి. రెండోది అతను ఇప్పుడే, రెండు నిమిషాల కింద, తన సుత్తితో చేశాడు.

"ఆగమ్మా," అన్నాడు. "నీ కళ్ళు సరిగ్గానే ఉన్నాయి. గీత తప్పు. ఇప్పుడే మార్చాను. ఇదిగో పాత గీత మరక. మిగతావి ఇంకా తప్పుగానే ఉన్నాయి, కావాలంటే కొలుచుకో."

భార్య టేపు కొస నేలమీద జారవిడిచింది.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. పొడుగు పిల్ల మేష్టారి కోసం పరుగెత్తింది. మేష్టారు సెక్రటరీని వెంటబెట్టుకొచ్చాడు. సెక్రటరీ టేపు చూశాడు, మరక చూశాడు, మూడో లేను నుంచి ఎనిమిదో లేను దాకా తనే కొలిపించాడు. ప్రతి గీతా మీటరు ముందుంది. చెమట తుడుచుకుని గీతలాయన్ని పక్కకు లాగాడు.

"నీకు మతి గానీ పోయిందా? గెలిచింది నీ కూతురయ్యా. ఎవడూ అడగలేదు, ఎవడూ ఫిర్యాదు రాయలేదు. ఒక్క మీటరు!"

"చెయ్యెడులో పోయిన పందెం సార్ అది."

"ఫలితం చదివేశాం. మళ్ళీ పరిగెత్తించమంటే ఎవరు ఒప్పుకుంటారు? అసలు మొదటొచ్చిన పిల్ల ఒప్పుకుంటుందా? పో, దాన్నే అడుగు. ఒప్పుకుంటే పెడతా. లేదంటే ఈ మాట ఇక్కడే పాతెయ్."

కూతురు అప్పటికే దగ్గరికొచ్చి నిలబడింది. మేకులున్న పరుగు బూట్లు చేతిలో ఉన్నాయి. అంతా విన్నది.

"నేను గెలిచాను నాన్నా."

"గెలిచావు. మూడువందల తొంభైతొమ్మిది మీటర్లు."

"తప్పు నీది. నేనెందుకు పరిగెత్తాలి మళ్ళీ? నా కాళ్ళు చూడు, వణుకుతున్నాయి."

"ఆ పిల్ల కాళ్ళూ వణుకుతున్నాయి."

"ఆ పిల్లా, ఆ పిల్లా! ఎప్పుడూ అందరి పిల్లలేనా నీకు?" కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నిన్న గంటసేపు ట్రాక్ అడిగితే ఇవ్వలేదు. ఇవాళ ఇచ్చింది లాక్కుంటావా? ఓడిపోతే? చెప్పు, ఓడిపోతే సీటు నువ్విస్తావా?"

ఇచ్చేందుకు అతని దగ్గరేముంది గనక? భార్య వైపు చూశాడు. ఆమె ఎటూ చూడటం లేదు.

"పరిగెత్తమని నేను చెప్పను," అన్నాడు. "కాదంటే సెక్రటరీ గారు చెప్పినట్టే ఉంటుంది. జరిగింది చెప్పడం వరకే నా పని. చెప్పాను."

కూతురు పొడుగు పిల్ల వైపు చూసింది. ఆ పిల్ల దూరంగా, చేతులు రెండూ కట్టుకుని, నేల చూపులు చూస్తోంది. ఒక్క మాట అడగడం లేదు. అడిగివుంటే కూతురు కాదనేదేమో. అడగకపోవడమే దానికి కంపరమెత్తించింది.

"ఏయ్, పొడుగూ!" అని అరిచింది. "వినపడుతోందా? మళ్ళీ పెట్టమంటున్నా. రేపు పొద్దున ఇంకెక్కడో ఒక మీటరు పట్టుకుని నా వెనక తిరిగితే ఊరుకోను." సెక్రటరీ వైపు తిరిగింది. "అయిదింటికి పెట్టండి సార్. ముందు ఆ గీతలు సరిచేయించండి. అందరూ చూస్తుండగా."

గీతలు సరిచేశారు. ఈసారి భార్యాభర్తలిద్దరూ అంకెలు అరుచుకుంటూనే పని చేశారు. ఆమె ప్రతి అంకెనూ దెబ్బలాటకొచ్చినట్టు తిరిగి అరిచింది. అతను ప్రతిసారీ "కొట్టు" అన్నాడు. మగపిల్లల పందెం ఆలస్యంగా నడిచింది. ఆడపిల్లల్లో ఇద్దరు అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలిన ఆరుగురు అయిదింటికి ఎవరి లేనులో వాళ్ళు నిలబడ్డారు.

గీతలాయన బయల్దేరే చోటే ఉండిపోయాడు. తుపాకీ పేలింది. కూతురు తన కొత్త గీత మీంచి, మీటరు వెనక నుంచి, కసితో బయల్దేరింది. అవతలి వైపు తిన్నటి దారిలో అందరికంటే ముందు అదే. అతను ఊపిరి బిగబట్టాడు. గెలవాలని మనసు కొట్టుకుంది. అంత చేసినవాడూ తండ్రే గదా. ఆఖరి వంపు తిరిగేసరికి దాని భుజాలు బిగుసుకున్నాయి. మధ్యాహ్నపు పరుగు కాళ్ళలో మిగిలే ఉంది. పొడుగు పిల్ల కాళ్ళలోనూ ఉంది గానీ, ఆ పిల్ల మోకాళ్ళు ఇంకా లేస్తూనే ఉన్నాయి. యాభై మీటర్ల దగ్గర సమానం. ముప్పై దగ్గర పొడుగు పిల్ల ముందు. భార్య గట్టు మీద నిలబడి, పేరు కూడా కాదు, ఊరికే "రా, రా, రా" అని అరుస్తోంది.

రెండు బారల దూరంలో పొడుగు పిల్ల గెలిచింది.

కూతురు ముగింపు గీత దాటి మోకాళ్ళ మీద కూలబడింది. అతను దగ్గరికెళ్ళాడు గానీ ముట్టుకోలేదు. అది రొప్పుతూ తలెత్తింది.

"మీటరు కాదు," అంది. "మూడు మీటర్లు. మీటరు తేడాతో ఓడుంటే నిన్ను జన్మలో క్షమించేదాన్ని కాదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కోపం ఎవరిమీద పడాలో తెలీటం లేదు. అవతలికి పో కాసేపు."

అతను అవతలికి పోయాడు.

సెక్రటరీ టేబుల్ దగ్గర మొదటి ఫలితం కొట్టేసి కొత్తది రాస్తున్నాడు. కింద కారణం రాశాడు, 'గుర్తులు వేసినవారి పొరపాటు' అని. కాగితం తిప్పి గీతలాయన ముందుకు తోశాడు. "సంతకం పెట్టు. వచ్చేసారి పోటీలకు నిన్ను పిలవాలంటే కమిటీ వాళ్ళు ఇది చూస్తారు. నేను సమాధానం చెప్పాలి. నాకేమో నిన్ను వదులుకోవాలని లేదు" అన్నాడు.

గీతలాయన సంతకం పెట్టాడు. వేళ్ళ సున్నం కాగితానికి అంటుకుంది.

"కలం ఇటివ్వండి," అంది వెనక నుంచి భార్య.

"ఒక్క సంతకం చాలమ్మా."

"చాలదు. అంకె రాసింది ఆయన, మేకు కొట్టింది నేను. మార్చేద్దామన్నదీ నేనే. అది కూడా రాయండి."

"అది రాయక్కర్లేదు లేమ్మా."

"అయితే మేకు వరకన్నా రాయండి."

సెక్రటరీ ఆమె మొహం చూసి, ఇంకో గీత కొట్టి, 'వారి' అన్నచోట 'వారిద్దరి' అని దిద్దాడు. ఆమె భర్త పేరు కింద తన పేరు నిదానంగా, అక్షరం అక్షరం రాసింది. వరుస తప్పలేదు.

కూతురు బూట్లు భుజానికి తగిలించుకుని, కుంటుతూ వచ్చి టేబుల్ పక్కన నిలబడింది. తల్లి రాస్తున్నంతసేపూ చూసింది.

"ఇద్దరిదీ అయిందా?" అంది. "అయితే పదండి. నాకు ఆకలేస్తోంది."